పూలి అడిగిన నల్ల తీగ

కామారెడ్డి నుంచి యెల్లారెడ్డి పోయే బస్సు ఇంకో రెండు కిలోమీటర్లలో తాడ్వాయి చేరుతుందనగా, ముందు సీట్లో కూర్చున్న ఆడమనిషి ఒళ్లోని సంచి మీద రామస్వామి చూపు పడింది. పాతిక కిలోల బియ్యం సంచి. మూతి పురికొసతో బిగించి ఉంది. బిగించిన చోట సందు చేసుకొని ఒక ఎర్ర తీగ, ఒక నల్ల తీగ బయటికి వేలాడుతున్నాయి.

అది రెండువేల పదమూడు, మార్చి మొదటి వారం. హైదరాబాద్‌లో బాంబులు పేలి రెండు వారాలు కాలేదు. బస్టాండులో ఎవరిదో తెలియని టిఫిన్ డబ్బా కనబడితే జనం చుట్టు తిరిగి పోతున్న రోజులు. మామూలు మనుషులకే అనుమానం అంటుకున్న కాలం. రామస్వామికైతే అది పుట్టుకతోనే ఉంది. పాలు పోయించుకుంటే నురగ ఊదిగాని చెంబు లోపలికి తీసుకుపోడు. పెళ్లి విందులో పక్కవాడి విస్తరిలోని ముక్కలను తన విస్తరితో పోల్చి చూసుకుంటాడు. యాభై ఆరేళ్లు వచ్చినా ఎవరి చేతా మోసపోలేదని ఆయన గర్వం. మోసం చేయడానికైనా ఆయన గడప తొక్కే ఓపిక ఎవరికుంది అని ఆయన భార్య భూదవ్వ అంటుంది.

రామస్వామి లేచి కండక్టరు చెవిలో ఊదాడు. బస్సు తాడ్వాయిలో ఆగింది గాని మళ్లీ కదలలేదు.

“అమ్మా, సంచిల ఏమున్నది?” అని కండక్టరు అడిగాడు.

“సెన్సర్లు.”

ఆ మాటతో వ్యవహారం ఇంకా చెడింది. వెనక సీట్లవాళ్లు దిగడానికి లేచారు.

“గవేందియి?”

“బోరు మోటర్లకు పెట్టేటియి. నీళ్లు అడుగంటితె మోటరు దానంతటదే బందైతది.”

“ఇప్పి సూపియ్యి.”

ఆమె తగవు పెట్టుకోలేదు. ఏళ్ల తరబడి రోజూ తనిఖీ ఇచ్చి ఇచ్చి అలవాటైన మనిషిలా, మూతి విప్పి ఒక్కొక్కటే సీటు మీద పేర్చింది. పేకముక్కంత నీలం బోర్డు. తీగల చుట్టలు. రెండు సూదులున్న కరెంటు మీటరు. గుడ్డలో చుట్టిన జొన్న రొట్టెలు. చివరకు సంచి బోర్లించి దులిపింది.

“నాదైపోయింది. మరి గా అన్న కాళ్ల కింద గోనెల ఉన్నదేంది? పెద్ద బాంబు లెక్కనే ఉన్నది. దాన్నెవ్వరు అడుగరా?”

బస్సంతా వంగి చూసింది. అది బోరు మోటారు. నడుమెత్తు ఉండే ఇనుప గొట్టం. కామారెడ్డిలో కొత్తగా వైండింగు చేయించి తెస్తున్నాడు. అందరూ నవ్వుతుంటే రామస్వామి తన గోనె కూడా విప్పి చూపించక తప్పలేదు.

బస్సు కదిలాక ఆమె వెనక్కి తిరగకుండానే అడిగింది.

“వైండింగు కాలిందా అన్నా?”

“నీకెవరు చెప్పిన్రు?”

“వార్నిషు వాసనొస్తున్నది. నీళ్లు లేకుండ తిరిగి ఉంటది.”

నిజమే. పొట్టకొచ్చిన వరి రెండెకరాలు. ఇంకా పాతిక రోజులు తడి అందితే గింజ గట్టిపడుతుంది. బోరులో నీళ్లు గంటసేపు ధారగా వచ్చి, తర్వాత సన్నబడి, ఆపైన గాలి వస్తుంది. కరెంటు మాత్రం పగలు మూడు గంటలు, రాత్రి ఎప్పుడో ఇంకో మూడు గంటలు. అది రాగానే మోటారు తనంతట తానే మొదలయ్యేట్టు ఊరందరిలాగే రామస్వామి కూడా ఆటోమేటిక్ స్టార్టరు పెట్టుకున్నాడు. మొదలుపెట్టడం దానికి తెలుసు, ఆపడం తెలియదు. ఆ యాసంగి పంటలోనే మోటారు రెండుసార్లు కాలింది. వైండింగు అతను చేతులు తుడుచుకుంటూ, ఇంకోసారి కాలితే నా దాకా తేవద్దు, పాత ఇనుముకే పనికొస్తది అన్నాడు. అంటే ఆ మోటారు పాతిక రోజులు బతికితే వడ్లు, లేకపోతే గడ్డి.

లింగంపేట దాటేలోగా ఆయన ఆమె పేరు, ఊరు కనుక్కున్నాడు. పేరు పూలి. యెల్లారెడ్డి అవతల తండా. రేపు వచ్చి పొలం చూడమన్నాడు. బస్సు దిగాక మాత్రం, ఈమె సరిగ్గా నా ముందు సీట్లోనే ఎందుకు కూర్చుంది అని ఆలోచించాడు. తాను ఎక్కేసరికే ఆమె అక్కడ కూర్చుని ఉందన్న సంగతి రాత్రి అన్నం తినేటప్పుడు గాని గుర్తుకు రాలేదు.

పూలి వచ్చి రెండు సెన్సర్లు పెట్టింది. ఒకటి పైపు మూతిలో, నీటి ధార తగిలితే లేచి, ఆగితే వాలిపోయే నాలుక. రెండోది మోటారు తీగకు చుట్టిన ఉంగరం. నీళ్లు మోస్తున్న మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఉత్తగా తిరిగేది తక్కువ లాగుతుంది. ఆ తేడాను ఉంగరం పట్టుకుంటుంది. రెండూ నీలం బోర్డుకు చెబుతాయి. బోర్డు రిలే అనే చిన్న మీటను వదిలేస్తే స్టార్టరు పడిపోయి మోటారు ఆగుతుంది. పొలం దగ్గర ఇంటి కరెంటు ఉండదు గనుక వీటన్నిటికీ తిండి పాత ట్రాక్టరు బ్యాటరీ. బోర్డును పెట్టిన డబ్బా మూత మీద సెన్సరుకొక పచ్చ దీపం.

మొదటి రోజే నీళ్లు సన్నబడగానే మోటారు టక్కున ఆగింది. రామస్వామి రెండు రోజులు హాయిగా నిద్రపోయాడు. మూడో రోజు పూలి గురించి వాకబు మొదలుపెట్టాడు.

పనిచేసే వస్తువు చేసిన మనిషిని అనుమానించడం వింతేమీ కాదు. పని చేయనిది ఇచ్చినవాణ్ని తిట్టి మరిచిపోతాం. పని చేసేది ఇచ్చినవాడికే మన సంగతులు తెలుస్తాయి. పూర్వం మంత్రసానినీ, కమ్మరినీ జనం ఇలాగే సగం గౌరవంతో, సగం భయంతో చూసేవారు. రామస్వామి సైకిలు మీద తండాకు పోయి, బీడీలు చుట్టే వాళ్ల మధ్య కూర్చుని, గేదెను కొనడానికి వచ్చినవాడిలా మాటలు కలిపాడు. తెలిసింది ఇది.

పూలి తండ్రి సేవ్యా చెరకు కోత కూలి. ఏటా దసరా కాగానే సంసారం మొత్తం మహారాష్ట్ర వైపు బండెక్కేది. పూలి బడి చూడలేదు. అవ్వ దగ్గర అద్దాల కుట్టు నేర్చింది. గోరంత అద్దం చుట్టూ వెంట్రుకంత దారంతో, లెక్క తప్పకుండా వేసే కుట్టు. పెళ్లయ్యాక భర్త దేవీసింగ్‌తో హైదరాబాద్ పోయి, ఫోను కేబుళ్ల కోసం రోడ్ల పక్కన కందకాలు తవ్వింది. భర్త ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. అప్పుడు చర్లపల్లి వైపు ఒక షెడ్డులో ఊడ్చే పనికి కుదిరింది. కరెంటు బోర్డుల మీద తగరం అతికే షెడ్డు అది. ఒకనాడు బల్ల మీది పిల్ల రాలేదు. సరుకు సాయంత్రానికి పోవాలి. బోర్డులు పరీక్ష చేసే లిదియా అనే ఆవిడ పూలిని కూర్చోబెట్టి చూసింది. అద్దాలు కుట్టిన చెయ్యి వణకలేదు. ఆ తర్వాత పదహారేళ్లు ఆ చీపురు ఇంకొకరు పట్టుకున్నారు.

గాజులు తీసి పని చేయాలని అక్కడ నియమం. మోచేతి పైన తెల్ల గాజుల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి గాని గాజులు మళ్లీ వేసుకోలేదు. ఇంగ్లీషు అక్షరం రాదు. లిదియా రంగులతో నేర్పింది. ఎర్రది పోయే దారి, నల్లది వచ్చే దారి, పోయినంత రావాలి, రాకపోతే ఎక్కడో తప్పు. రోజూ సాయంత్రం గేటు దగ్గర కొంగు దులిపి, డబ్బా తెరిచి చూపించి బయటపడేది. రెండువేల పదకొండులో షెడ్డు మూతపడింది. తండాకు వచ్చి, ఎండిన బోర్లను, కాలిన మోటార్లను చూసి ఈ పని మొదలుపెట్టింది. బోర్డులు హైదరాబాద్ కోఠిలో కొంటుంది.

రామస్వామి ఇదంతా విని, పదహారేళ్లు గేటు దగ్గర తనిఖీ చేశారంటే ఏదో ఉండే చేసి ఉంటారు అనుకుంటూ ఇంటికొచ్చాడు.

వస్తూ వస్తూ ఇంకోటి చూశాడు. ఎల్లయ్య వాకిట్లో పూలి చాయ్ తాగుతోంది. ఎల్లయ్య పక్క పొలం రైతు. అతని బోరు రామస్వామి బోరుకు నలభై అడుగుల దూరం. రెండిటి కిందా ఒకటే జల అని ఇద్దరికీ తెలుసు. అందువల్ల ఒకరి మోటారు ఆగితే ఇంకొకరు ఆకాశం వైపు చూసి దండం పెడతారు.

మర్నాడే పూలిని పిలిచి, ఇంకా మూడు సెన్సర్లు కావాలన్నాడు. మట్టిలో తడి చెప్పేవి. పై మడిలో ఒకటి, చివరి మడిలో ఒకటి, ఎల్లయ్య ఒడ్డు వెంట ఒకటి.

“ఒడ్డుకెందుకన్నా? ఆడ వరి లేదు గద.”

“ఎవలన్న గండి కొడితె తెల్వాలె.”

“ఎవలు కొడ్తరు?”

“తెలిస్తె నిన్నెందుకు అడుగుత?”

ఆమె బోర్డు తీసి, దాని మీద గోరంత నల్ల తునకను చూపించింది. “బ్యాటరీ కరెంటును తగ్గిచ్చి అందరికి తిండి పెట్టేది గిదే. ఇద్దరికి పెడ్తది. అయిదుగురిని కూసోబెట్టి, పైంగ రిలేను లేపమంటె దాని పాణం చాలది.”

“గింత బ్యాటరీ ఉండంగ చాలదా? నాకు తెల్వదనుకుంటున్నవా?”

“కుండ నిండ నీళ్లున్నా సన్న గొట్టంకెల్లి ఎన్ని వస్తయన్నా?” అని, ఇక వాదించకుండా మూడూ తగిలించింది. పచ్చ దీపాలు అయిదూ వెలిగాయి గాని జబ్బు మనిషి కళ్లలా వెలిగాయి. కరెంటు వచ్చి రిలే లేచేసరికి అన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. బోర్డు చచ్చి, మళ్లీ లేచి, మళ్లీ చచ్చింది. స్టార్టరు టకటక కొట్టుకుంది. పూలి చప్పున కరెంటు తీసేసింది.

“నల్ల తునక మీద ఏలు పెట్టు.”

పెట్టాడు. చురుక్కుమంది.

మర్నాడు ఆమె పరిష్కారం తెచ్చింది. కార్లలో సెల్‌ఫోనుకు పెట్టే చార్జరు ఒకటి విప్పి లోపలి సరుకు తీసింది. బ్యాటరీ నుంచి ఒక దారి బోర్డుకు, ఇంకో దారి ఈ చార్జరు ద్వారా నేరుగా సెన్సర్లకూ రిలేకూ. బోర్డు ఇక వినడమే గాని తిండి పెట్టే బాధ్యత దానికి లేదు. ఒక్కటే షరతు అంది. ప్రతి సెన్సరు నుంచి నల్ల తీగ వాపసు వచ్చి, బోర్డు నల్ల తీగతో ఒకే చోట కలవాలి.

“గదెందుకు?”

“ఎంతెత్తు అంటె, ఏడికెల్లి కొలువాలె అన్నది ఇద్దరికి ఒక్కటే ఉండాలె. లేకుంటె అది ఒకటి చెప్తది, ఇది ఇంకోటి ఇంటది.”

మూడు సెన్సర్లకు కలిపి నల్ల తీగే రెండు వందల మీటర్ల దాకా పట్టింది. రామస్వామి దాన్ని మూరలతో కొలిచి తీసుకున్నాడు. సాయంత్రానికి అయిదు దీపాలూ నిండుగా వెలిగాయి. మోటారు గంటంబావు తిరిగి, నీళ్లు పడిపోగానే ఆగింది. పూలి వెళ్లిపోయింది.

అసలు కథ ఆ రాత్రి ఆయన బుర్రలో మొదలైంది. మోటారు కొట్టంలో బల్బు ఉంది. పొలాలకు వచ్చేవి మూడు కరెంటు తీగలే, వాపసు తీగ ఉండదు. అయినా బల్బు వెలుగుతుంది. ఎలాగంటే, బల్బుకు ఒక తీగ కరెంటు నుంచి ఇచ్చి, రెండోది భూమిలో దిగేసిన ఇనుప రాడుకు కట్టి, రాడు మొదట్లో చెంబెడు ఉప్పు నీళ్లు పోస్తారు. ఆ చుట్టుపక్కల ఏ కొట్టంలోనైనా అదే పద్ధతి. భూమే వాపసు తీగ. మరి ఈ లంబాడామెకు రెండు వందల మీటర్ల నల్ల తీగ ఎందుకు? తీగల దుకాణంతో పొత్తు ఉండాలి, లేదా మిగిలింది తండాకు పోతూ ఉండాలి.

ఆయన తెలివి తక్కువవాడు కాదు. ఒకప్పుడు తంతి వార్తలు కూడా అలాగే నడిచాయి. స్తంభాల మీద ఒక్క తీగ పోయేది, వాపసు దారి నేలే. పెద్ద పెద్ద ఇంజనీర్లే భూమిని నమ్ముకున్నారు. కాకపోతే తంతి అరుపు లాంటిది. బల్బు కరెంటు అంతకంటే పెద్ద అరుపు. సెన్సరు గుసగుసలాడుతుంది. నేల అరుపును మోసినట్టు గుసగుసను మోయదు. ఈ సంగతి రామస్వామికి చెప్పేవాళ్లు లేరు. ఉన్నా, వాళ్లకు ఇందులో ఏం లాభమో ముందు ఆలోచించేవాడు.

తెల్లారి నల్ల తీగలు మూడూ పీకి, చుట్ట చుట్టి, గడ్డివాములో దాచాడు. సెన్సరుకొక రాడు దిగేశాడు. కొట్టంలో నల్ల తీగలు కలిసే చోటును బల్బు రాడుకే కట్టాడు. అన్నిటికీ ఉప్పు నీళ్లు పోశాడు. అయిదు దీపాలూ వెలిగాయి. ఒక్కడే నవ్వుకున్నాడు.

రెండు రోజులు బాగానే ఉంది, కొట్టంలో బల్బు వేసే పని పడలేదు. మూడో నాటికి ఉప్పు నీళ్లు ఇంకిపోయాయి. ఆ రాత్రి కరెంటు వచ్చినప్పుడు ఆయన బల్బు వేశాడో లేదో, పచ్చ దీపాలు పూనకం వచ్చినట్టు ఎగిరాయి. మోటారు మొదలై ఆగింది, మొదలై ఆగింది. పదిసార్లు అలా కొట్టుకుంటే వైండింగు ఏమవుతుందో ఆయనకు చెప్పక్కర్లేదు. చేత్తో మెయిను లాగేసి చీకట్లో నిలబడ్డాడు. నలభై అడుగుల అవతల ఎల్లయ్య పైపు దబదబా పోస్తున్న చప్పుడు వినబడింది.

ఇంకేం కావాలి? ఎల్లయ్య చాయ్ పోశాడు, పూలి డబ్బాను వాడి బోరు వైపు తిప్పింది. అన్నీ కలిశాయి. తెల్లారేలోగా ఆ మాట భూదవ్వకు రెండుసార్లు చెప్పాడు.

“గా డబ్బాకు చాయ్ రుచి ఎట్ల తెల్సు?” అని ఆమె అటు తిరిగి పడుకుంది.

పొద్దున కబురందుకొని పూలి మొదటి బస్సులోనే వచ్చింది. రామస్వామి ఎల్లయ్యను కూడా పిలిపించాడు. సాక్షిగానో, ముద్దాయిగానో ఆయనకే తెలియదు.

“చెప్పు. వాని నీళ్ల కోసం నా మోటరును బంద్ చేసుడు ఎన్నొద్దుల సంది?”

జవాబు ఎల్లయ్య ఇచ్చాడు. “బావా, నేను పోసింది ఒక్క కప్పే. గంతల్నే ఇంత పని చేసిందా? తెలిస్తె ఇంకో కప్పు పోసేటోన్ని.”

“నువ్వు నోర్ముయ్యి. కొట్టంల అడుగు పెట్టకు.”

“పిలిచినోనివి నువ్వే.”

పూలి అప్పటికే డబ్బా తెరిచి మీటరు సూదులు ఆనిస్తోంది. బ్యాటరీ దగ్గర, చార్జరు దగ్గర, బోర్డు దగ్గర. మూడు చోట్లా సరిగ్గా ఉన్నట్టుంది, ముఖం మారలేదు. తర్వాత తీగల వెంట నడిచింది. పై మడి దగ్గర ఆగింది. వంగి, రాడు చూసి, దాని మొదట్లో తెల్లగా పేరుకున్న ఉప్పును గోటితో గీకి చూసింది. తిరిగి వచ్చింది.

“నల్ల తీగలు ఏవి?”

“నన్నడుగుతున్నవా? ఎలుకలు కొరికినయేమో.”

“ఎలుకలు రాడ్లు దిగేసినయా అన్నా?”

ఎల్లయ్య తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. భూదవ్వ గడ్డివాము దగ్గరికి పోయింది. వచ్చేటప్పుడు ఆమె భుజాన నల్ల తీగల చుట్ట ఉంది. “బర్రెకు గడ్డి గుంజుతుంటె మొన్ననే దొరికింది. మా ఆయన దాసుకున్నడంటె ఎవలదో కొట్టుకొచ్చిండనుకొని అడుగలే,” అని కింద పడేసింది.

పదకొండుకు పగటి కరెంటు వచ్చింది. పూలి బల్బు వేయమంది. మీటరు సూది ఒకటి బల్బు రాడుకు, రెండోది పది అడుగుల దూరాన పై మడి నుంచి పీకి తెచ్చి గుచ్చిన రాడుకు ఆనించి, రామస్వామిని దగ్గరికి పిలిచింది. అంకెలు పైకి పోతూనే ఉన్నాయి.

“బల్బు కరెంటు భూమిల దిగుతుంటె గింత పొంగుతది. గా పొంగును తెచ్చి నా బోర్డు నెత్తిన పోసినవు. నా సరుకు పోతె పోయింది. ఉప్పు తడి ఆరినంక గీ రాడును ఉత్త కాళ్లతోని పట్టుకుంటె నువ్వే పోయేటోనివి.”

రామస్వామి రాడు వైపు, తన కాళ్ల వైపు చూసుకున్నాడు. చెప్పులు లేవు. వెనక్కి రెండడుగులు వేశాడు.

మట్టి సెన్సర్లు మూడింట్లో రెండు కాలిపోయాయి. ఆమె మెయిను ఆపి, రాడ్లు పీకి, నల్ల తీగ మళ్లీ వేసుకొచ్చి, బోర్డు దగ్గర ముడి వేసి తగరం అతికింది. నిప్పు కణంలా కాలిన, తగరం కరిగించే కమ్మీ కొసను చూస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

“మిగిలింది ఒక్కటే. యాడ పెట్టాలె? చివరి మడిల్నా, ఒడ్డు మీదనా?”

చివరి మడిలో వరి పొట్ట విచ్చి సగం సగం వెన్ను కనబడుతోంది. భూదవ్వ అటే చూస్తోంది. ఎల్లయ్య ఒడ్డు మీద గొంతుక్కూర్చుని రామస్వామి నోటినే చూస్తున్నాడు. రామస్వామి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

“మడిల పెట్టు,” అన్నాడు. ఆ వెంటనే, “ఒడ్డు దిక్కుకే, గా మూలకు పెట్టు,” అన్నాడు.

ఆమె పెట్టింది. మెయిను వేసింది. మూడు దీపాలు నిండుగా వెలిగాయి. రిలే లేచినా ఒక్కటీ కన్ను కొట్టలేదు. మోటారు పట్టుకుంది, పైపు రెండుసార్లు దగ్గి ధార విడిచింది. నలుగురూ పైపు మూతి వైపే చూస్తూ నిలబడ్డారు. దాదాపు గంట గడిచింది. ధార సన్నబడింది. నాలుక వాలింది. ఒక దీపం ఆరింది. రామస్వామి డబ్బా వైపు వంగాడు. టక్. మోటారు ఒక్కసారే ఆగి, మళ్లీ కదలకుండా ఊరుకుంది. ఆ యాసంగి అది మళ్లీ కాలలేదు. అప్పటికి ఆయనకు ఆ సంగతి తెలియదు గనుక, ఆగీ ఆగకముందే పంచె ఎగ్గట్టి ఎల్లయ్య బోరు దగ్గరికి పరుగెత్తాడు. పైపు కింద చెయ్యి పెట్టాడు. అక్కడా ధార బొటనవేలంత సన్నబడి, గాలితో తుంపర్లు కొడుతోంది.

“ఏం బావా,” అని ఎల్లయ్య కేక వేశాడు, “నా పైపుల నీ నీళ్లు దొరికినయా?”

రామస్వామి తడి చెయ్యి పంచెకు తుడుచుకుంటూ కొట్టం వైపు తిరిగాడు. అక్కడ డబ్బా మూత వేసి ఉంది. పూలి లేదు. భూదవ్వ రెండు చేతుల్లో రెండు చాయ్ గ్లాసులు పట్టుకొని నిలబడి ఉంది.

“ఏది ఆమె? చెప్పకుండనే పోయిందా? ఏమన్న తీస్కపోయిందేమో చూసినవా?”

భూదవ్వ ఒక గ్లాసుతో కాలువ వైపు చూపించింది. కాలువ అవతల, యెల్లారెడ్డి రోడ్డు మీద, సంచి నెత్తిన పెట్టుకొని పూలి నడిచిపోతోంది. బస్సు కోసం ఆగలేదు. వెనక్కి తిరగలేదు.